సాదా ట్రాక్‌బాల్ ఎంపిక సంఘం

భ్రమరాంబకు కుడిచెయ్యి ఎదురు తిరిగింది. మొగుడు ఎదురు తిరిగితే పుట్టింటికి పోవచ్చు, పైఅధికారి ఎదురు తిరిగితే మెడికల్ లీవు పెట్టొచ్చు. సొంత చెయ్యే ఎదురు తిరిగితే ఎక్కడికి పోతుంది మనిషి?

ఆవిడ ప్రాచీన పటాల కంప్యూటరీకరణ శాఖలో సీనియర్ అసిస్టెంటు. తాతల నాటి గుడ్డ పటాల మీదున్న పొలం గట్లను మౌస్ పట్టుకుని కంప్యూటర్ తెర మీద మళ్లీ గీయడం ఆవిడ పని. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా గట్ల మీద నడకే. ఆ పొలం రైతు కూడా ఆ గట్టు మీద అంత నడిచి ఉండడు. అలా ఏళ్ల తరబడి నడిచీ నడిచీ మణికట్టు వాచింది. ముందు జడ అల్లుకోవడం పోయింది, తర్వాత చపాతీ పిండి కలపడం పోయింది. ఆఖరికి అన్నం కలుపుకోవడమూ పోయింది, అదుగో, అక్కడ ఆవిడ గుండె కలుక్కుమంది.

భ్రమరాంబ తిండిని ప్రేమించే మనిషి. ఆ మాట చెప్పుకోవడానికి ఆవిడకేం సిగ్గు లేదు, మనకెందుకు? వేడన్నంలో గోంగూర పచ్చడి వేసుకుని, నూనె చుక్క తగిలించి, వేళ్లతో నలిపి ముద్ద చేస్తేనే ఆవిడకు తిన్నట్టు. ఇప్పుడు చెంచాతో తింటోంది. చెంచాతో గోంగూర తినడమంటే గొడుగేసుకుని స్నానం చేయడమే.

"ఏందక్కా ఇది, మందు తాగినట్టు ఆ చెంచా ఏంది?" అంది పక్క సీటు మస్తాన్‌బీ, మధ్యాహ్నం డబ్బాలు విప్పుకున్నప్పుడు.

"వేళ్లు ముడుచుకోవట్లేదే. డాక్టరు దగ్గరికి పోయొచ్చా."

"ఏమన్నాడంట?"

డాక్టరు తేల్చి చెప్పాడు. "మణికట్టు ఆడకూడదమ్మా. మౌస్ మానేసి ట్రాక్‌బాల్ పెట్టుకోండి. అది బల్ల మీద కదలకుండా కూర్చుంటుంది, పైనున్న బంతిని మీరు బొటనవేలితో దొర్లిస్తే చాలు. కాదూ కూడదని మౌసే లాగుతానంటే దసరాకల్లా ఆపరేషన్ చేయాల్సొస్తుంది. కోశాక ఆ వేళ్లకు ముద్ద కలిపే పట్టు ఉంటుందో ఉండదో నేను చెప్పలేను."

సొంత డబ్బుతో ఒకటి కొనుక్కుంటే పోయేది కదా అంటారు మీరు. మీరు ప్రభుత్వంలో పనిచేయలేదన్నమాట. ప్రైవేటు వస్తువును ప్రభుత్వ వస్తువుకు తగిలించరాదు. పోయినేడు ఓ గుమస్తా ఉక్కపోత భరించలేక ఇంటి నుంచి టేబుల్ ఫ్యాను తెచ్చుకుంటే, ప్రభుత్వ విద్యుత్తుతో ప్రైవేటు గాలి పీల్చినందుకు మెమో ఇచ్చారు. అంచేత భ్రమరాంబ తెల్లకాగితం మీద, 'నాకు ఒక సాదా ట్రాక్‌బాల్ ఇప్పించ ప్రార్థన' అని రాసి సూపరింటెండెంటు సాంబమూర్తి గారి బల్ల మీద పెట్టింది.

ఆ 'సాదా' అన్న మాట దగ్గరే కొంప మునిగింది. ఖరీదైనది అడుగుతోంది అనుకుంటారేమోనని, మొహమాటానికి రాసిన మాట అది. కానీ ఆ ఏడు ప్రభుత్వం వారు 'సరళ పాలనా సంవత్సరం' ప్రకటించి ఉన్నారు. అన్నిటినీ సరళం చేయాలని ఇటుకరాయంత మందాన ఒక సర్క్యులరు వచ్చింది. దాన్ని వివరిస్తూ రెండిటుకల మందాన ఇంకోటి వచ్చింది. ఎదుటి మేడలో ఉన్న ఆఫీసు వాళ్లు అయిదు కిటికీల దగ్గర జరిగే పనిని ఒక్క కిటికీకి తెచ్చి, ఆ కిటికీ కూడా మూసేసి, జిల్లాలో మొదటి బహుమతి కొట్టుకుపోయారు. అది చూసి డిప్యూటీ డైరెక్టర్ కోదండపాణి గారికి నిద్ర పట్టడం మానేసింది. తన శాఖలో సరళం చేయడానికి ఏమీ దొరక్క ఆయన విలవిల్లాడుతున్న రోజుల్లో, భ్రమరాంబ అర్జీ ఆయన ముందుకు వచ్చింది.

"సాంబమూర్తీ! ఈ శాఖ చరిత్రలో ఒక ఉద్యోగి తనంత తానుగా సరళమైన వస్తువును కోరడం ఇదే ప్రథమం కదయ్యా!" అన్నారాయన, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ.

"చిత్తం. ఇంతకుముందు అడిగినవన్నీ పనిచేసే వస్తువులేనండి."

"దీన్ని ఆషామాషీగా కొనకూడదు. సరళమైనదని మనం నిర్ధారించాలి. నిర్ధారించాలంటే సంఘం వేయాలి."

అలా 'సరళ దొర్లుడు ఉపకరణ ఎంపిక సంఘం' పుట్టింది. కోదండపాణి గారు అధ్యక్షులు, సాంబమూర్తి కార్యదర్శి, అకౌంట్స్ ఆఫీసరు దుర్గేశ్వరరావు సభ్యుడు.

మొదటి సమావేశానికి కంప్యూటర్ సామాన్ల కొట్టు బాలకోటయ్య మూడు రకాల ట్రాక్‌బాల్స్ సంచిలో వేసుకొచ్చి బల్ల మీద పరిచాడు. ఒకదానికి బోలెడు మీటలు. ఇంకోదానికి రంగురంగుల దీపాలు. మూడోది చిన్నది, నల్లటిది, దానికి రెండు మీటలు, రేగుపండంత ఎర్రటి బంతి. భ్రమరాంబ దాని మీద చెయ్యి పెట్టింది. అరచెయ్యి దాని మీద ఒదిగిపోయింది. బొటనవేలితో బంతిని తోస్తే తెర మీద బాణం నున్నగా జారింది. మణికట్టు కదల్లేదు, నొప్పి లేదు. ఆవిడకు కళ్లలో నీళ్లు తిరిగినంత పనైంది.

"ఇది చాలండి. ఇదే ఇప్పించండి సార్."

కోదండపాణి గారు చెయ్యెత్తారు. "అమ్మా, తమరు దీని వినియోగదారులు. వినియోగదారుల అభిప్రాయంలో స్వప్రయోజనం ఉంటుంది. కాబట్టి తమరు ఎంపికలో పాల్గొనరాదు. బయట కూర్చోండి."

"వాడేది నేనే కదండీ!"

"అందుకేనమ్మా."

భ్రమరాంబ బయటికి వచ్చి బెంచీ మీద కూర్చుంది. లోపల సంఘం పనిలో పడింది. సరళమైన వస్తువంటే ఏమిటి? ఏ శిక్షణా లేని మనిషి చేతిలో పెట్టినా పనిచేసేది. అలాంటప్పుడు కంప్యూటర్ తెలిసినవాళ్ల చేత పరీక్ష చేయిస్తే ఏం న్యాయం? తెలియనివాళ్ల చేతే చేయించాలి. వెతగ్గా వెతగ్గా, కోదండపాణి గారి అత్తగారు తాయారమ్మ గారు కంప్యూటర్‌ను జన్మలో ముట్టలేదని తేలింది. ఆవిణ్ని ఆఫీసు జీపులో తీసుకొచ్చారు.

తాయారమ్మ గారు ఎర్రబంతి ట్రాక్‌బాల్‌ను ఇటూ అటూ తిప్పి చూశారు. "పచ్చడి బండా నాయనా?"

"కాదండీ అత్తయ్యగారూ. ఆ బంతిని దొర్లిస్తే అక్కడ తెర మీద బాణం కదులుతుంది."

ఆవిడ దొర్లించారు. బాణం కదిలింది.

"కదిలితే?" అన్నారు ఆవిడ.

"అంటే... అది కదులుతుందండీ."

"కదిలితే మనకేం ఒరుగుతుంది నాయనా?"

నిజానికి ఆ శాఖ పెట్టినప్పటి నుంచి ఎవరూ ఆ ప్రశ్న వేయలేదు. సాంబమూర్తి మినిట్సులో ఇలా రాశాడు: 'ఉపకరణము యొక్క ప్రయోజనము సామాన్య పౌరురాలికి బోధపడనందున, సదరు ఉపకరణము తగినంత సరళము కాదని సంఘము ఏకగ్రీవముగా అభిప్రాయపడినది.'

రెండో సమావేశంలో దుర్గేశ్వరరావు మీటల మీద పడ్డాడు. "రెండు మీటలుంటే ఏది నొక్కాలా అన్న సందేహం వస్తుందా రాదా? సందేహం ఉన్నచోట సరళత ఉంటుందా? ఒకటి తీసేయండి." తర్వాతి సమావేశంలో, ఒకే మీట ఉంటే నొక్కాలా వద్దా అన్న సందేహం మిగులుతుందని రెండోదీ తీసేశారు. ఆ పై సమావేశంలో తీగ పోయింది, చిక్కుపడుతుందని. చివరికి బంతి వంతు వచ్చింది. అది ఊడి వస్తోంది. ఊడొచ్చేది రెండో భాగం. రెండు భాగాలున్న వస్తువు ఒక భాగమున్న వస్తువు కన్నా సరళం ఎలా అవుతుంది?

తయారైన నమూనా వివరాలు బాలకోటయ్య చేతికిచ్చారు. మీటలు లేవు, తీగ లేదు, కదిలే భాగం లేదు, అరచేతిలో ఇమడాలి, నున్నగా ఉండాలి. బాలకోటయ్య రెండుసార్లు చదువుకున్నాడు.

"అయ్యా, ఇది సబ్బుబిళ్లండి."

"కొటేషన్ ఇవ్వగలవా?" అన్నాడు దుర్గేశ్వరరావు.

"ఇస్తానండి. గంధం వాసనది కావాలా, మామూలుదా?"

వాసన సంగతి తేల్చడానికి ఉపసంఘం వేశారు.

ఈ లోపల భ్రమరాంబ చెయ్యి చెయ్యి కాకుండా పోతోంది. వీధిగుమ్మం తాళం తిప్పలేకపోతోంది. ఒకరోజు చెంచా కూడా జారి సాంబారు చీర మీద పడింది. మస్తాన్‌బీ గబగబా కొంగు తడిపి తుడిచింది. "నా డబ్బాలో పలావుంది, నోరు తెరువక్కా, నేను పెడతా" అంది. భ్రమరాంబ నోరు తెరిచింది, తిన్నది, ఆ తర్వాత బాత్రూంలోకి పోయి ఏడ్చింది. యాభై దాటిన మనిషి ఆఫీసులో ఒకరి చేత తినిపించుకోవడం ఎంత కష్టమో తినిపించుకున్నవాళ్లకే తెలుస్తుంది.

ఆ మర్నాడు ఏదో గుడ్డ పటం కోసం స్టోరు గదిలోకి పోయింది. ఓ మూల పాత కంప్యూటర్ సామాను గుట్ట పోసి ఉంది. రద్దు చేయడానికి ఉత్తర్వులు రాక పారేయలేదు, పనికిరావు గనుక వాడలేదు. గుట్ట మీద ఒక పాతకాలం మౌస్ వెల్లకిలా పడి ఉంది. పొట్ట కింద రబ్బరు బంతి ఉండే రకం. ఆ బంతి పైకి చూస్తోంది. భ్రమరాంబ ఊరికే బొటనవేలితో దాన్ని తిప్పింది. దొర్లింది.

ఆవిడ అక్కడే నిలబడిపోయింది. "ఓసి నీ దుంపతెగ!" అంది పైకే.

మౌస్‌ను వెల్లకిలా పడుకోబెడితే ట్రాక్‌బాల్! అటూ ఇటూ దొర్లిపోకుండా కింద ఆనుడు ఉండాలి. బల్ల తుడిచే గుడ్డను మెలిపెట్టి, బిందె కింద పెట్టే చుట్టకుదురులా చుట్టి, అందులో దాన్ని కూర్చోబెట్టింది. మీటలు అడుగుకు పోయాయి, వాటిని నొక్కడానికి ఎడమచేతి వేళ్లు కిందికి పోనిచ్చింది. కంప్యూటర్ వెనక పాతరకం గుండ్రటి రంధ్రం ఇంకా ఉండబట్టి తీగ కూడా ఇమిడింది. ఒక్కటే ఇబ్బంది. బంతిని కుడికి దొర్లిస్తే బాణం ఎడమకు పోతోంది. అదేం పెద్ద సంగతి కాదు. ఆ ఆఫీసులో ఎటు పోవాలన్నా దానికి ఎదురు దిక్కున బయల్దేరాలని ఆవిడకు ఏనాడో అలవాటైంది.

పైగా అది ప్రభుత్వ వస్తువే, నియమం కూడా తప్పలేదు. వారం తిరిగేసరికి వాపు కాస్త తీసింది. వేళ్లు సగం ముడుచుకున్నాయి. భ్రమరాంబ తనలో తాను నవ్వుకుంటూ గట్లు గీసుకుంటోంది.

సుఖం ఎక్కడ కనబడినా సాంబమూర్తి గారి ముక్కుకు వాసన తగులుతుంది. వచ్చి చూశాడు, మెమో రాశాడు. 'ప్రభుత్వ ఆస్తిని తలక్రిందులుగా వినియోగించుచున్నందులకు మీపై క్రమశిక్షణ చర్య ఏల తీసుకొనరాదో' తెలపమన్నాడు.

అటెండరు ఎల్లమంద వచ్చాడు. "మేడమ్‌గారూ, పెద్దసారే మీ సీటు కాడికి వత్తన్నారు. మంచి వేడి మీదున్నారు, జాగర్త."

కోదండపాణి గారు వచ్చారు. చుట్టకుదురును చూశారు, వెల్లకిలా పడున్న మౌస్‌ను చూశారు. వంగి, బంతిని వేలితో ఓసారి దొర్లించారు.

"ఖర్చెంత అయింది?"

"ఏం కాలేదు సార్."

"కొత్త వస్తువేమన్నా కొన్నారా?"

"లేదు సార్. ఉన్నదాన్నే తిరగేశాను."

కోదండపాణి గారి మొహం మతాబులా వెలిగింది. "సాంబమూర్తీ! ఇంతకన్నా సరళం ఇంకేముందయ్యా! కొనుగోలు లేదు, టెండరు లేదు, ఉన్నదాన్ని తిరగేయడమే! మెమో చించెయ్. దీనికి 'విలోమ సరళ విధానం' అని పేరు పెట్టు. మన శాఖలో ప్రతి ఆఫీసులో, ప్రతి బల్ల మీద, ప్రతి మౌస్ వెల్లకిలా ఉండాలి. ఇవాళే ఉత్తర్వులు!"

భ్రమరాంబ కంగారుపడింది. "సార్, బంతి ఉన్న పాతవాటికే ఇది కుదురుతుందండీ. ఇప్పటి మౌస్‌లకు అడుగున దీపమే గానీ బంతి ఉండదు. పాతవాటికి మాత్రమేనని ఒక్క మాట..."

"అమ్మా! మినహాయింపులు సరళతకు శత్రువులు."

"పోనీ సార్, ఇది మాత్రం నాకు..."

"ఇదా? ఇది మూల నమూనా! రాజధానిలో ప్రదర్శనకు పోతుంది."

ఎల్లమంద చేత దాన్ని ఊడపీకించి, చుట్టకుదురుతో సహా మఖమల్ పెట్టెలో పెట్టి, జీపులో పంపించారు. దాని బదులు ఆవిడ బల్ల మీద మళ్లీ దీపం మౌసే పెట్టారు, వెల్లకిలా. భ్రమరాంబ బల్ల మీద చుట్టకుదురు ఉన్న చోటు వంక చూస్తూ కూర్చుంది. దసరా ఎంతో దూరం లేదు.

ఉత్తర్వులు వెళ్లాయి. శాఖలో మౌస్‌లన్నీ వెల్లకిలా పడ్డాయి. పొట్ట కింది ఎర్రదీపాలు పైకప్పు వంక చూస్తూ వెలిగాయి. ఆ దీపం మీద అరచెయ్యి ఆడిస్తే బాణం ఓసారి ఎగిరి మూలన పడేది, ఓసారి అసలు కదిలేది కాదు. పొద్దున్నే బల్లలు తుడవడానికి వచ్చిన ఎల్లమంద వరసగా వెలుగుతున్న దీపాలు చూసి, చెయ్యి చాపి కళ్లకద్దుకుని మరీ పోయేవాడు. గట్లు గీయాలంటే మౌస్ తిరగేయాలి, అంటే నియమం తప్పాలి. నియమం పాటిస్తే పని జరగదు. ఈ రెంటిలో ప్రభుత్వోద్యోగి దేన్ని ఎంచుకుంటాడో నేను చెప్పాలా?

శాఖలో అందరూ నియమం ఎంచుకున్నారు. దుర్గేశ్వరరావు పత్రికలో గళ్లనుడి నింపుకున్నాడు. మస్తాన్‌బీ మనవరాలికి స్వెట్టరు అల్లింది. భ్రమరాంబ మాత్రం మొదటి రెండు రోజులూ దీపంతో కుస్తీ పట్టి, మూడో రోజు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఉద్యోగంలో చేరాక ఆ చెయ్యి ఊరికే ఉండటం అదే మొదలు. వారాలు గడిచాయి. కొత్త పటం ఒక్కటీ బయటికి రాలేదు. పటం రాలేదు గనుక పటంలో తప్పుందన్న ఫిర్యాదు కూడా ఒక్కటీ రాలేదు. ఫిర్యాదులు పూర్తిగా లేకుండా చేసిన ఏకైక శాఖగా రాష్ట్రంలో మొదటి బహుమతి కోదండపాణి గారికే వచ్చింది.

దసరాకు ముందు ఆఫీసులోనే విందు పెట్టారు. అరిటాకులు వేశారు. వేడన్నం పొగలు కక్కుతూ వచ్చింది, పప్పు వచ్చింది, మస్తాన్‌బీ ఇంటి నుంచి ప్రత్యేకంగా తెచ్చిన గోంగూర వచ్చింది. భ్రమరాంబ అలవాటుగా సంచిలో చెంచా కోసం తడిమింది. తడుముతూ తడుముతూ ఆగింది. వేళ్లు ముడిచి చూసుకుంది. ముడుచుకున్నాయి. మణికట్టు తిప్పి చూసుకుంది. ఎక్కడా చురుక్కుమనలేదు. చెంచా సంచిలోనే వదిలేసింది.

గోంగూర మీద నూనె పోయించుకుని, అన్నంలో వేళ్లు పెట్టింది. వేడి వేళ్లకు చుర్రుమంది. ఎన్నాళ్లకమ్మా ఈ వేడి! నలిపింది, కలిపింది, ముద్ద చేసి నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది.

"అక్కా! చేత్తో తింటన్నావే!" మస్తాన్‌బీ అరిచిన అరుపుకి వరసంతా ఇటు తిరిగింది.

సరిగ్గా అప్పుడే కోదండపాణి గారు మెడలో దండతో వచ్చి ఎదురుగా నిలబడ్డారు. "భ్రమరాంబ గారూ, తమరు ఈ విజయానికి మూలకారకులు. రాజధాని వారు విలోమ విధానం విజయగాథను పటాలతో, చిత్రాలతో సహా అడుగుతున్నారు. భోజనం కాగానే కంప్యూటర్ మీద కూర్చుని, సాయంత్రానికల్లా తయారుచేసి ఇవ్వండి."

భ్రమరాంబ నోట్లో ముద్ద పూర్తిగా నమిలి మింగింది. తొందరపడలేదు.

"తప్పకుండా సార్. పటాలు గీయాలంటే మౌస్ బోర్లా తిప్పాలి. తిప్పమంటారా?"

కోదండపాణి గారు నోరు తెరిచారు.

"తిప్పమని మీరు రాసిస్తే తిప్పుతాను" అంది ఆవిడ వినయంగా. "వద్దంటారా, నియమం ప్రకారం ఇట్టాగే కూర్చుంటాను. మినహాయింపులు శత్రువులన్నారు గదా సార్."

ఆయన మెడలో దండ సర్దుకున్నారు. సాంబమూర్తి వంక చూశారు. సాంబమూర్తి విస్తరి వంక చూశాడు.

"దీని మీద... ఒక సంఘం వేద్దాం" అన్నారు చివరికి.

"అందాకా?"

"అందాకా యథాతథం."

"చిత్తం సార్" అంది భ్రమరాంబ. విస్తరి మస్తాన్‌బీ వైపు కాస్త జరిపింది. "ఇంకొంచెం గోంగూర వెయ్యవే."